నత్తగుల్ల పొడి గురించి అడిగావు కదా

బిడ్డా,

పొద్దున ఫోన్‌లో సరిగా చెప్పలేకపోయాను. మెహిదీపట్నం బస్సులో, ఆ హారన్ల మధ్య ఏం చెప్తాం! మీ మామగారి అరికాలి పుండుకు బేగంబజార్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన నత్తగుల్ల పొడి రాయాలా వద్దా అన్నావు. వద్దు.

అదేంటో నువ్వే చూడు. చిటికెడు పసుపులో కాస్త పొడి వేసి, చెంచాతో రెండు చుక్కల నీళ్లు కలుపు. దిష్టినీళ్లలా ఎర్రగా తిరిగిందంటే అది కాల్చిన గుల్ల, అంటే సున్నమే. తాంబూలంలో కాస్త ఎక్కువైతేనే నాలుక పొక్కుతుంది, ఇక పుండు సంగతి చెప్పాలా? రంగు పెద్దగా మారకపోతే పచ్చి గుల్ల నూరిన పొడి. కాల్షియం కార్బొనేట్, సుద్దలో ఉండేదే. మండదు గానీ, చెరువు బురదలో తిరిగిన గుల్ల రోట్లో దంచితే శుభ్రమవుతుందా? ధనుర్వాతం క్రిములుండేది మట్టిలోనే.

రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలన్నది నిజమే. అది రక్తంలో ఉండనే ఉంది, పైన చల్లక్కర్లేదు. ఆయుర్వేదంలో శంఖభస్మం లేదా అంటారు మీ మామగారు. అది శుద్ధి చేసి, కడుపులో మంటకి లోపలికిచ్చేది.

ఆస్పత్రి డ్రెస్సింగ్ రూములో పనిచేసినన్నాళ్లూ ఇలాంటివి చూశాను. ఒకాయన మడమ మీద ఇలాంటి పొడే పెచ్చు కట్టింది. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ వేసి అరగంట నానబెడితే గానీ ఊడలేదు. కిందంతా చీము. షుగరుతో పాదాలు మొద్దుబారి ఆయనకి నొప్పే తెలియలేదు, పైకి పుండు ఎండినట్టే ఉంది మరి. మీ మామగారికీ షుగరే కదా, నా భయం అదే.

ఇప్పటికే రాసేసి ఉంటే పైపొడి మెత్తగా దులిపి, కుళాయి కింద 20 నిమిషాలు నీళ్లు పారనివ్వు. చుట్టూ సబ్బుతో కడుగు. దూది నేరుగా పెట్టకు, పీచు అంటుకుంటుంది. శుభ్రమైన గాజుగుడ్డ చాలు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని 5 ఏళ్లు దాటితే ఆ మాట డాక్టరుకి చెప్పు. ఎర్రదనం పాకినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా, చర్మం నల్లబడినా రాత్రయినా సరే ఆస్పత్రికి పదండి. అవేవీ లేకపోయినా రేపు చూపించాల్సిందే.

ఆయనతో వాదనకి దిగకు. డాక్టరు చూసేదాకా ఆగుదాం మామయ్యా అను. ఆ పొట్లం పారేయకు, వెంట తీసుకెళ్లి చూపించు.

మీ పెద్దమ్మ