మనవడు తగలబెట్టిన దిష్టిబొమ్మ ఎవరిది?

పోయిన సంచికలో మాటవరసకి ఒక్క ముక్క రాశాను, ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్న నాలుగేళ్ళూ, అక్కడివాళ్ళు బాన్‌ఫైర్ అని పెద్ద మంటలు వేసే నవంబర్ 5 రాత్రి వచ్చిందంటే నాకు మొగల్రాజపురంలో మా సందు చివర వేసే భోగి మంట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగేవని. ఆ ఒక్క ముక్కకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అత్తల మీదా కోడళ్ళ మీదా ఫిర్యాదులు పంపినవాళ్ళు ఈ నెలకి నన్ను క్షమించాలి, పేజీ అంతా మంటే తినేసింది.

మా మనవడికి తొమ్మిదేళ్ళు, ఇంగ్లండులోనే పుట్టాడు. మొన్న నవంబర్‌లో వీడియో కాల్ చేసి, పాత ప్యాంటూ చొక్కాల్లో పేపర్లు కుక్కి ఒక మనిషిని తయారుచేశామని, మంట మీద పెట్టి కాల్చేశామని సంబరంగా చూపించాడు. నాకు ఒకటే గుండెదడ. ఎవరా మనిషి? ఇంటికి అరిష్టం కాదా?
— ఒక అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

అమ్మమ్మగారూ, ముందు టెన్షన్ పడటం మానెయ్యండి. నరక చతుర్దశికి గడ్డితో నరకాసురుణ్ణి చేసి, కడుపులో టపాసులు పెట్టి కాల్చే ఊళ్ళు మన కోస్తాలో ఎన్ని లేవు? పండగ దాకా ఎందుకు, విజయవాడ లెనిన్ సెంటర్లో ధర్నా జరిగితే దిష్టిబొమ్మ తగలడకుండా ముగుస్తుందా! మీ మనవడు కాల్చింది కూడా అలాంటి దిష్టిబొమ్మే. కాకపోతే దానికి నాలుగు వందల ఏళ్ళ వయసుంది.

ఆ బొమ్మ పేరు గై ఫాక్స్. 1605లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్. రాజుగారిది ప్రొటెస్టెంట్ మతం. కాథలిక్కులు ప్రభుత్వ చర్చికి రాకపోతే జరిమానాలు, ఫాదర్లు దాక్కుని తిరగాల్సిన పరిస్థితి. విసిగిపోయిన పదమూడు మంది కలిసి, నవంబర్ 5న పార్లమెంటు మొదలయ్యేటప్పుడు రాజునీ ప్రభువుల్నీ కట్టగట్టి లేపేద్దామని పథకం వేశారు. ప్రభువుల సభ కింద ఉన్న గిడ్డంగి లాంటి గదిని అద్దెకి తీసుకుని, అందులో 36 పీపాల మందుగుండు చేర్చి, పైన కట్టెలు కప్పారు. అక్టోబర్ 26న మాంటీగిల్ అనే ప్రభువుకి ఊరూ పేరూ లేని ఉత్తరం ఒకటి వచ్చింది, ఆ రోజు పార్లమెంటుకి వెళ్ళకండి అని. ఆయన దాన్ని తీసుకెళ్ళి రాజు మనుషుల చేతిలో పెట్టాడు. నాలుగో తారీఖు అర్ధరాత్రి ప్రాంతంలో సోదా చేస్తే కట్టెల దగ్గర కాపలాగా మన గై ఫాక్స్ దొరికాడు. పేరేమిట్రా అంటే జాన్ జాన్సన్ అన్నాడట!

రాజుగారు బతికిపోయారని ఐదో తారీఖు రాత్రే లండన్ జనం వీధుల్లో మంటలు వేసుకున్నారు. అంతటితో ఆగిపోయేదేమో కానీ, 1606లో ఏకంగా చట్టం చేసి, ఏటా ఆ రోజు చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థన జరగాలన్నారు. ఆ చట్టాన్ని 1859లో ఎత్తేశారు. చట్టం పోయింది, మంట మాత్రం మిగిలింది. ఇప్పుడు అక్కడి పిల్లల్ని, ఈ బొమ్మని ఎందుకు కాలుస్తున్నార్రా అని అడిగితే సగం మంది నీళ్ళు నమలుతారు, మన పిల్లల్ని భోగి ఎందుకురా అంటే నమిలినట్టే. అరిష్టం మాట మర్చిపోండి. మనవడి చేతికి దస్తానాలున్నాయో లేదో మాత్రం అడగండి. అవీ ఉన్నివి అయితే మంచిది, నైలాన్‌వి వద్దు.

మేడమ్, గై ఫాక్స్ మొహమని అమ్మే ఆ నవ్వు మొహం మాస్కు మా హాస్టల్లో చాలామంది దగ్గర ఉంది. గై ఫాక్స్ హీరోనా, విలనా? ఒక్క మాటలో చెప్పండి.
— ఇంజనీరింగ్ విద్యార్థి, విజయవాడ

ఒక్క మాటలో కుదరదు నాయనా. అసలు నాయకుడు అతను కాదు, రాబర్ట్ కేట్స్‌బీ. ఫాక్స్ స్పెయిన్ తరఫున యుద్ధాల్లో పనిచేసి వచ్చినవాడు, మందుగుండు తెలిసినవాడు కాబట్టి ఆ పని అప్పజెప్పారు. దొరికాక లండన్ టవర్లో చిత్రహింసలు పెట్టి పేర్లు చెప్పించారు. హింసకి ముందూ తరువాతా అతను పెట్టిన సంతకాలు ఈనాటికీ ఉన్నాయి. మొదటిది మనిషి సంతకంలా ఉంటుంది, రెండోది కాగితం మీద పురుగు పాకినట్టుంటుంది. ఆ రెండు సంతకాలు పక్కపక్కన చూస్తే అతని మీద జాలి కలుగుతుంది, నేను కాదనను. కానీ ఆ పీపాలు పేలి ఉంటే రాజుతో పాటు ఏ పాపం తెలియని నౌకర్లూ గుమాస్తాలూ కూడా పోయేవాళ్ళు. అందుకని నా దగ్గర మాస్కు లేదు.

నీకు ఇంకో సంగతి చెప్తాను, ఇది పాఠాల్లో ఉండదు. ఫాక్స్ దొరికాక కేట్స్‌బీ బృందం గుర్రాల మీద పారిపోయి స్టాఫర్డ్‌షైర్‌లో హోల్‌బీచ్ హౌస్ అనే ఇంట్లో తలదాచుకుంది. దారిలో వానకి వాళ్ళ మందుగుండు తడిసిపోయింది. ఏం చేశారో తెలుసా? ఆరబెట్టడానికి పొయ్యి ముందు పరిచారు! నిప్పురవ్వ పడింది, భగ్గుమంది, పార్లమెంటుని పేల్చాలనుకున్నవాళ్ళు తమ ఒళ్ళే కాల్చుకున్నారు. మర్నాడు, నవంబర్ 8న, చుట్టుముట్టిన వాళ్ళ కాల్పుల్లో కేట్స్‌బీ చనిపోయాడు. దీపావళికి వారం ముందు టపాసులు చేటలో పోసి డాబా మీద ఎండబెట్టి, వంటింటి ఛాయలకి తీసుకొచ్చావంటే వీపు విమానం మోతే అని మా నాన్నగారు బెదిరించేవారు, అంత బుద్ధి కూడా ఆ పెద్దమనుషులకి లేకపోయింది.

1974లో నేను షెఫీల్డ్‌లో ఒక ఆస్పత్రిలో పనిచేశాను. అక్టోబర్ ఆఖరు నుంచే పిల్లలు తోపుడు బండిలో గై ఫాక్స్ గుడ్డబొమ్మని కూర్చోబెట్టుకుని బస్టాపుల్లో ‘పెన్నీ ఫర్ ది గై’ (గై బొమ్మకి ఒక పెన్నీ) అని చిల్లర అడిగేవాళ్ళు. మా అమ్మాయి ఇప్పుడు అక్కడే ఉంది, అలాంటి పిల్లలు ఒక్కరూ కనబడరంటోంది. ఏమయ్యారు వాళ్ళంతా?
— రిటైరైన డాక్టరు, అరండల్‌పేట

పెద్దవాళ్ళయ్యారు డాక్టరుగారూ. మీ దగ్గర పెన్నీలు పుచ్చుకున్న పిల్లలకి ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఆ చిల్లరతో వాళ్ళు టపాసులు కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది నిండకపోతే కొట్లో టపాసులు అమ్మరు, అక్టోబర్ 31న దెయ్యాల వేషాల పండగ హాలోవీన్ వచ్చి పిల్లల్ని ఎగరేసుకుపోయింది, మంట కూడా ఊరందరికీ కలిపి పెద్ద పార్కులో, టికెట్టు పెట్టి, తాడు కట్టి, ఆ తాడు అవతల నుంచి చూడమంటారు. నేను మొదటి ఏడాది అలాంటి దానికే వెళ్ళాను. మంట వేడి తగలని మంట మంటేనా చెప్పండి.

లీడ్స్‌లో మా పక్కింటి ముసలావిడ చెప్పిన సంగతులు మాత్రం వింటుంటే మన ఊరి కథలే. మంటకి కట్టెలు పోగుచెయ్యడాన్ని యార్క్‌షైర్‌లో ‘చంపింగ్’ అంటారు. (ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా ఆయన ఉలిక్కిపడ్డారు!) పిల్లలు వీధి వీధికీ గుట్ట వేసుకునేవాళ్ళు, పక్క వీధి గుట్టలోంచి దొంగిలించేవాళ్ళు, తమ గుట్ట పోకుండా అన్నదమ్ములు వంతులేసుకుని రాత్రిళ్ళు కాపలా కాసేవాళ్ళు. నాలుగో తారీఖు రాత్రి ఆ ప్రాంతంలో అల్లరి రాత్రి, ఇళ్ళ గేట్లు ఊడదీసుకుపోవడం దాకా వెళ్ళేదట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాంబర్లకి వెలుగు కనబడకూడదని మంటలు నిషేధించారు కాబట్టి, తన చిన్నతనంలో కొన్నేళ్ళు అసలు మంటే చూడలేదని, 1945 నవంబర్‌లో చూసిన మంటంత పెద్దది మళ్ళీ చూడలేదని చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడల్లా చేతులు చాచి చూపించేది, ఏటికేడు ఆ చేతులు ఇంకొంచెం దూరం జరిగేవి.

దొంగ కట్టెలంటే నాకు మా నాన్నమ్మ మడి పీట గుర్తొస్తుంది. సత్యనారాయణపురంలో ఉండేటప్పుడు భోగికి ముందు రాత్రి మా అన్నయ్య బ్యాచ్ వీధిలో దొరికిన తలుపు చెక్కా, విరిగిన నిచ్చెనా అన్నీ పోగేస్తూ చీకట్లో పెరట్లోంచి పీట కూడా పట్టుకుపోయింది. తెల్లారి నాన్నమ్మ మంట దగ్గర చేతులు కాచుకుంటూ, ఈ ఏడు కట్టె మంచిదిరా, ఎంత సొంపుగా మండుతోందో అని మెచ్చుకుంది. స్నానానికి వెళ్ళాక ఇంట్లో రెండో మంట లేచింది.

మాది గుణదల. మా అబ్బాయి ససెక్స్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ నవంబర్ 5న పోపుగారి బొమ్మని కాలుస్తారని విన్నాను. నిజమేనా? మేరీమాత తిరునాళ్ళకి ఏటా కొండెక్కే కుటుంబం మాది, వాణ్ణి చూడ్డానికి వెళ్ళనివ్వాలా వద్దా?
— ఒక తల్లి, విజయవాడ

నిజమేనండీ, కానీ దేశమంతా కాదు. మీరు విన్నది లూయిస్ అనే ఊరి సంగతి. 1555కీ 1557కీ మధ్య, కాథలిక్ రాణి మేరీ కాలంలో, అక్కడ పదిహేడు మంది ప్రొటెస్టెంట్లని సజీవంగా కాల్చారు. ఆ ఊరు ఆ లెక్క మర్చిపోలేదు. నవంబర్ 5న కాగడాలతో ఊరేగింపు తీసి, పదిహేడు మండే శిలువలు మోస్తారు, గై ఫాక్స్ బొమ్మతో పాటు 1605 నాటి పోపు ఐదో పాల్ బొమ్మ కూడా ఉంటుంది. దానికి తోడు ఆ ఏడాది జనానికి ఒళ్ళు మండించిన రాజకీయ నాయకుడి బొమ్మ ఒకటి తయారు! నవంబర్ 5 ఆదివారం పడితే నాలుగో తారీఖునే కానిచ్చేస్తారు.

అక్కడి వాళ్ళని అడిగితే ఇప్పటి కాథలిక్కుల మీద మాకేమీ లేదు, ఇది చరిత్ర అంటారు. నాకు ఆ మాట పూర్తిగా మింగుడు పడలేదు. ఎవరి బొమ్మ కాలుతోందో వాళ్ళు చెప్పాలి కదా ఆ మాట. అయినా మీ అబ్బాయిని ఆపకండి, చూసి వచ్చి తనే చెప్తాడు. ఫాక్స్ చదువుకున్న సెయింట్ పీటర్స్ బడి యార్క్‌లో ఇంకా నడుస్తోంది, ఆ బడిలో మాత్రం అతని బొమ్మని కాల్చరు, మా పూర్వ విద్యార్థి అని. ఇది కూడా అబ్బాయికి చెప్పండి. డెవన్‌లో ఆటరీ సెయింట్ మేరీ అనే ఊళ్ళో అయితే బొమ్మతో సరిపెట్టుకోరు, తారు పూసిన పీపాలు అంటించి, మండుతుండగానే భుజాన వేసుకుని జనం మధ్య పరుగెడతారు. దానికి వెళ్తానంటే మాత్రం కాస్త వెనక నిలబడమనండి.

బ్రిటన్‌లో దీపావళికి రాత్రి ఒంటిగంట దాకా టపాసులు కాల్చొచ్చని మా అల్లుడు కోస్తున్నాడు. నమ్మొచ్చా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పటమట

ఈసారికి అల్లుడిగారిదే గెలుపు సార్. అక్కడ మామూలు రోజుల్లో రాత్రి 11 తరువాత కాల్చకూడదు. నవంబర్ 5న 12 దాకా, దీపావళికీ, డిసెంబర్ 31కీ, చైనా కొత్త సంవత్సరానికీ ఒంటిగంట దాకా సడలింపు ఇచ్చారు, 2004 నాటి నిబంధనలివి. అంటే వాళ్ళ పండగకంటే మన పండగకి గంట ఎక్కువ! మనకేమో 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 అని రెండు గంటలు చెప్పింది, మన పటమటలో ఎవరు పాటించారో మీకే తెలుసు.

తిండి సంగతి చెప్పండి. మంట చుట్టూ ఊరికే నిలబడతారా?
— ఒక గృహిణి, తాడేపల్లి

అమ్మయ్య, ఒక్కరైనా అడిగారు. బంగాళదుంపలు తొక్కతోనే రేకు కాగితంలో చుట్టి నిప్పుల్లో వేస్తారు, మన తంపటి వేసిన చిలగడదుంపల్లాగే, పైకి తీశాక వెన్న వేసుకుని తింటారు. ఆపిల్‌కి పుల్ల గుచ్చి పాకంలో ముంచినది ఒకటి ఉంటుంది, దానితో నా పన్ను కదిలింది, నేను సిఫారసు చెయ్యను. అసలైనది పార్కిన్. యార్క్‌షైర్, లాంకషైర్ వైపు చేసే అల్లం కేకు, ఓట్సు, ట్రీకిల్ అనే నల్ల పాకం వేస్తారు. తెచ్చి ముక్క నోట్లో పెట్టుకోగానే నాకు బెల్లం పాకంలో శొంఠి వాసన తగిలింది. ఇక్కడికొచ్చాక ట్రీకిల్ కోసం తిరగడం మానేసి నల్లబెల్లంతో చేస్తున్నాను. కప్పు ఓట్సు మిక్సీలో బరకగా పట్టి, కప్పు మైదా, చెంచా వంటసోడా, పెద్ద చెంచా శొంఠిపొడి కలపండి. కప్పు బెల్లం, అరకప్పు వెన్న, అరకప్పు పాలు సన్నసెగ మీద కరిగించి, వడగట్టి, చల్లారాక ఒక గుడ్డు కొట్టి అందులో కలిపి, అదంతా పిండిలో పోసి కలిపి, ఓవెన్‌లో 160 డిగ్రీల మీద ముప్పావుగంట. చేసిన రోజే తింటే ఎండు రొట్టెలా ఉందని నన్ను తిడతారు. డబ్బాలో పెట్టి మూడు నాలుగు రోజులు ముట్టుకోకండి, అప్పుడు జిగురొస్తుంది. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైన భాగం ఈ ముట్టుకోకపోవడమే.

బాన్‌ఫైర్ అన్న మాట భోగి నుంచే పుట్టిందని వాట్సాప్‌లో వచ్చింది.
— పేరు రాయలేదు, తెనాలి

లేదండి. అది ఎముకల మంట అన్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. పంపినవారికి తిరిగి పంపించండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఈ జనవరికి భోగి మంట సెల్లార్‌లో వేద్దామని సెక్రటరీగారు నోటీసు పెట్టారు. రోడ్డు మీద పొగమంచు, పిల్లలకి జలుబు చేస్తుందట. మీ అభిప్రాయం?
— మూడో అంతస్తు, లక్ష్మీపురం, గుంటూరు

బ్రిటన్ పార్లమెంటు కొత్త సమావేశాలు మొదలయ్యే రోజున రాజుగారి అంగరక్షకులు ఇప్పటికీ ఆనవాయితీగా లాంతర్లు పట్టుకుని భవనం కింది గదులన్నీ వెతుకుతారు, మళ్ళీ ఎవరైనా పీపాలు పెట్టారేమోనని. మీ సెక్రటరీగారి చేతికి కూడా ఒక లాంతరిచ్చి సెల్లార్‌లోకి పంపండి. నిప్పు లేనిదే సుమా, బ్యాటరీది. కార్లూ స్కూటర్లూ కలిపి ఎన్ని పెట్రోలు ట్యాంకులున్నాయో లెక్కపెట్టుకుని రమ్మనండి, 36 దాటితే నోటీసు ఆయనే చింపేస్తారు.