అనాస ఆకు నుంచి నార: ముందు కొనేవారు, తర్వాతే యంత్రం

ప్రశ్న: సీతంపేట మండలంలో జీడిమామిడి చెట్ల మధ్య మూడు ఎకరాల్లో అనాస సాగు చేస్తున్నాము. పండు కోసిన తర్వాత ఆకంతా కొండ మీదే ఎండిపోతోంది. ఆ ఆకు నుంచి బట్టలకు పనికొచ్చే నార వస్తుందని, యంత్రం కొనుక్కుంటే మంచి ఆదాయం ఉంటుందని ఒక వ్యాపారి చెబుతున్నారు. నార ఎంత వస్తుంది? యంత్రం కొనవచ్చా? ఆకు కోస్తే తోట దెబ్బతింటుందా? – ఒక రైతు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: అనాస ఆకులో మంచి నార ఉన్న మాట నిజమే. తెల్లగా, పట్టులాంటి మెరుపుతో ఉండే ఈ నారలో సుమారు 70 నుంచి 80 శాతం వరకు సెల్యులోజ్ ఉంటుంది. పత్తి, పట్టు, ఉన్ని, పాలిస్టర్ వంటి వాటితో కలిపి దీనిని నూలుగా వడకవచ్చు. అయితే మీరు అమ్మబోయేది బట్ట కాదు, ముడి నార. బట్ట ధర చూసి ముడి నారకు లెక్క కట్టుకుంటే నష్టపోతారు కనుక ఈ తేడాను మొదటి నుంచీ గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను.

ముందు దిగుబడి సంగతి చూద్దాం. పచ్చి ఆకు బరువులో సుమారు రెండున్నర నుంచి మూడు శాతం మాత్రమే ఎండు నార వస్తుంది. అంటే ఒక కిలో నార కోసం 33 నుంచి 40 కిలోల పచ్చి ఆకు కోయాలి. మీ తోటలో పది మొక్కల ఆకు కోసి తూకం వేస్తే మీ లెక్క మీకే తెలుస్తుంది. ఉదాహరణకు మొక్కకు కిలో ఆకు దొరికితే పది వేల మొక్కల నుంచి పది టన్నుల ఆకు, దాని నుంచి 250 నుంచి 300 కిలోల నార వస్తుంది. ఆ పది టన్నుల ఆకును కొండవాలు నుంచి కిందికి మోసుకురావడానికి అయ్యే కూలి ఖర్చు తరచూ నార ధరను మించిపోతుంది. అందువల్ల ఆకును యంత్రం దగ్గరికి తేవడం కాకుండా, యంత్రాన్నే తోట దగ్గరికి తీసుకువెళ్లే వీలుంటేనే ఈ పని గిట్టుబాటవుతుంది. పైగా కోసిన ఆకు వాడిపోతే గుజ్జు నారకు అంటుకుపోయి సరిగా ఊడిరాదు కాబట్టి, వీలైనంత వరకు కోసిన రోజే యంత్రంలో వేయాలి.

రకాన్ని బట్టి కూడా లాభనష్టాలు మారుతాయి. క్యూ రకం ఆకు పొడవుగా ఉంటుంది, కొనల దగ్గర తప్ప ముళ్లు పెద్దగా ఉండవు. అందువల్ల నార పొడవుగా వస్తుంది, పనివారికీ సులభం. క్వీన్, మారిషస్ రకాల ఆకు పొట్టిగా ఉండి అంచుల పొడవునా ముళ్లు ఉంటాయి కనుక మందపాటి చేతి తొడుగులు లేకుండా ఎవరినీ ఈ పనిలో దించవద్దు.

నార తీయడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది అరటి నారకు వాడే తరహా యంత్రం. తిరిగే డ్రమ్ము మీది పట్టీలు ఆకును కొట్టి గుజ్జును తొలగిస్తాయి. అనాస ఆకు అరటి దొప్ప కంటే పలుచన కాబట్టి పట్టీలకూ ఆధారపు పలకకూ మధ్య ఖాళీని తగ్గించుకోవాలి. లేకపోతే గుజ్జు మిగిలిపోతుంది; ఖాళీ మరీ తగ్గితే నార తెగిపోతుంది. ఆకును చేత్తో పట్టుకుని లోపలికి పెట్టే ఈ యంత్రాలకు ముందు భాగంలో రక్షణ కవచం లేకపోతే చేతులు పోయే ప్రమాదం ఉన్నందున, అటువంటి యంత్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. రెండో పద్ధతిలో ఆకు పైనున్న మైనపు పొరను యంత్రంతో గీకి, ఆ తర్వాత నీటిలో ఊరవేస్తారు. కోల్‌కతాలో నిన్‌ఫెట్‌గా పిలిచే జాతీయ సహజ నారల పరిశోధన సంస్థ ఈ పద్ధతికి తగిన యంత్రాన్ని రూపొందించింది. మీ ప్రాంతంలో గోగునార ఊరవేయడం తెలిసిన పెద్దలు ఉంటారు కాబట్టి ఈ పని మీకు కొత్త కాదు. గీకిన ఆకు సుమారు వారం రోజుల్లో ఊరుతుంది; నీటిలో కొద్దిగా యూరియా కలిపితే నారను అంటిపెట్టుకున్న జిగురును కరిగించే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. ఎక్కువ రోజులు వదిలేస్తే నార బలం తగ్గుతుంది కాబట్టి నాలుగో రోజు నుంచే రోజూ ఒక ఆకు తీసి చూడాలి. ఈ పనికి సిమెంటు తొట్టి వాడాలి. ఊరవేసిన నీరు కంపు కొట్టి చేపలకు హాని చేస్తుంది కనుక దానిని గెడ్డలోకి (వాగులోకి) వదలకూడదు.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. అక్కడ పండు ప్రధానంగా జూన్, జూలై నెలల్లో కోతకు వస్తుంది, ఆకు కూడా ఆ వానల్లోనే చేతికొస్తుంది. తడి నార ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టి మచ్చలు పడుతుంది, మచ్చలున్న నారను బట్టల కోసం ఎవరూ తీసుకోరు. కాబట్టి గాలి బాగా ఆడేలా పైకప్పు ఉన్న పందిరి, అందులో నార వేలాడదీయడానికి దండేలు ఉండాలి. యంత్రం ధరతో పాటు ఈ ఖర్చును కూడా పెట్టుబడిలో కలుపుకోండి.

ఇక మార్కెట్ విషయానికి వద్దాం. అనాస బట్టకు ప్రపంచంలో పేరున్న చోటు ఫిలిప్పీన్స్‌లోని అక్లాన్ రాష్ట్రం. అక్కడ రెడ్ స్పానిష్ అనే రకాన్ని నార కోసమే పెంచుతారు. పింగాణీ పలక ముక్కతో ఆకును గీకి, ఒక్కొక్క నార పోగునూ చేత్తో ముడివేసి కలిపి, మగ్గం మీద నేస్తారు. ఆ నేతను యునెస్కో 2023లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ బట్ట ధరలో ఎక్కువ భాగం చేతి పనిదే. అదే దేశంలో పండు కోసం పెంచిన తోటల ఆకుతో, తోలుకు బదులుగా వాడే పినాటెక్స్ అనే నేయని పదార్థాన్ని కూడా తయారు చేస్తున్నారు. చదరపు మీటరుకు సుమారు 480 ఆకులు పడతాయని తయారీదారులు చెబుతారు. ఈ రెంటినీ చూపించి యంత్రం అమ్మేవారి మాటలు నమ్మి అప్పు చేయవద్దు. ఖాదీ నేతకు పేరున్న పొందూరు దగ్గరలోనే ఉంది కదా, అక్కడ వడకుతారేమో అని మీకు అనిపించవచ్చు. కానీ పొందూరు రాట్నం పొట్టి పింజ పత్తికి అలవాటు పడినది, పొడవైన ఈ నారకు సరిపోదు. దీనిని జనపనార మిల్లు యంత్రాల మీద వడకవచ్చు; పత్తి మిల్లులోనైతే జిగురు తొలగించి, పొట్టిగా కత్తిరించి, పత్తితో కలపాలి. రైతు స్థాయిలో ఈ పనులు సాధ్యం కావు.

కాబట్టి యంత్రం ఇప్పుడు కొనవద్దన్నదే నా సలహా. ఈ పంటకు కొద్ది ఆకు కోసి, అద్దె యంత్రంతోగాని, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తల సాయంతోగాని నాలుగైదు కిలోల నార తీయండి. దానిని నూలు మిల్లులకు, చేతివృత్తుల వస్తువులు తయారుచేసే సంఘాలకు నమూనాగా పంపి, ఎంత పొడవు కావాలో, ఏటా ఎన్ని కిలోలు తీసుకుంటారో, ఏ ధర ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. ఆ హామీ వచ్చాక కూడా మూడు ఎకరాల ఆకుతో యంత్రానికి ఏడాదిలో కొద్ది రోజులే పని ఉంటుంది కనుక, గిరిజనులు తమ ఉత్పత్తులను కలిసి అమ్ముకునే వన్ ధన్ వికాస కేంద్రం వంటి బృందంగా ఏర్పడి, చుట్టుపక్కల ఊళ్ల ఆకునంతా కలిపి, ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ద్వారా యంత్రం కోసం అడగడం మేలు. చాపలు, సంచులు, తాళ్ల వంటి వస్తువులకు అమ్మినా సరే, మొదటి రెండేళ్లు స్థిరంగా కొనేవారు దొరకడమే ముఖ్యం.

తోట గురించి మీరు అడిగింది చాలా అవసరమైన ప్రశ్న. పండు పక్వానికి రాకముందు ఆకు కోస్తే పండు పరిమాణం తగ్గుతుంది. కార్శి పంట (మొదటి కోత తర్వాత పిలకల నుంచి వచ్చే పంట) ఉంచుకునే మొక్కలో పిలక నిలదొక్కుకునే వరకు తల్లి మొక్క ఆకు దానికి ఆహారం అందిస్తుంది. అందువల్ల చివరి కార్శి కోత ముగిసి, తీసేయబోయే మొక్కల ఆకునే నారకు వాడండి. ఆకుతో పాటు చాలా పొటాష్ కూడా పొలం దాటిపోతుంది. అనాసకు మొక్కకు 12 గ్రాముల నత్రజనితో పాటు 12 గ్రాముల పొటాష్ సిఫారసు చేస్తారంటే ఈ పంటకు దాని అవసరం ఎంతో అర్థమవుతుంది. అందుకే నార తీశాక మిగిలే పచ్చి పిప్పిని పారేయకుండా, పశువుల పేడతో కలిపి వానపాముల ఎరువుగా మార్చి అదే తోటకు వేయండి. ఆకులు ఎర్రబారి కొనల నుంచి ఎండుతున్న మొక్కలు, మొదళ్లలో తెల్లని పిండినల్లి, చీమలు కనిపించే మొక్కలు ఉంటే వాటి ఆకును మాత్రం యంత్రం దగ్గరికి తీసుకురాకుండా అక్కడే కాల్చివేయండి. ఆ ఆకుతో పాటు పిండినల్లి చేరితే వాడు తెగులు ఇతరుల తోటలకూ పాకుతుంది.