పాఠకుల ప్రశ్నలు: కారు షెడ్డులో కనిపించని ముప్పు

ప్రశ్న: మా కారు షెడ్డు ఇంటి గోడను ఆనుకుని ఉంది. అయిదు లీటర్ల పెట్రోలు క్యాను, థిన్నరు డబ్బాలు, ఇన్వర్టర్ బ్యాటరీ అన్నీ అందులోనే. షట్టరు కింద రెండంగుళాల సందు ఉంది. గాలికి అది చాలా?

జవాబు: చాలదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలమీద పాకుతూ పోయి మూలల్లో నిలుస్తుంది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు నుంచి అంటుకునేంత ఆవిరి వస్తూనే ఉంటుంది. కాబట్టి క్యాను ఓ మూల, ప్లగ్గు పాయింటు ఇంకో మూల ఉన్నాయని నిశ్చింతగా ఉండకండి. నేలకు దగ్గర్లో ఒక్క నిప్పురవ్వ లేస్తే చాలు.

మీ ఇన్వర్టర్ బ్యాటరీ లెడ్ యాసిడ్ రకమైతే, ఛార్జి అవుతున్నప్పుడు వచ్చే హైడ్రోజన్ దారి వేరు. తేలిక కనుక కప్పు కింద చేరుతుంది, గాలిలో 4 శాతం ఉంటే మండగలదు. మీ సందు దానికి ఏమాత్రం పనికిరాదు. నేల దగ్గర ఒకటి, ఎదుటి గోడకు కప్పు అంచున ఒకటి, మూతల్లేని జాలీలు పెట్టించండి.

జాలీలున్నా పెట్రోలు లోపల వద్దు. ఇంధనం కోసమే చేసిన క్యానులో, పైన కాస్త ఖాళీ వదిలి, బయట నీడలో, పిల్లలకు అందకుండా ఉంచండి. ఇప్పుడే ఆ క్యాను ఎత్తి చూడండి. కింద గుండ్రటి మరక ఉంటే అది కారుతున్నట్టే. ముందు మూతలోని వాషరు చూడండి. తలుపు దగ్గర ఏబీసీ పొడి (పెట్రోలు మంటకూ పనికొచ్చే రకం) ఉన్న మంటలార్పే సిలిండరు తగిలించండి. పెట్రోలు మంటమీద నీళ్లు పోస్తే పెట్రోలు తేలి, మంట నీటితోపాటే పారుతుంది.

ప్రశ్న: షట్టరు పూర్తిగా ఎత్తి, ఇంజిన్ పది నిమిషాలు ఆన్‌లో ఉంచవచ్చా?

జవాబు: వద్దు. కారు బయటికి తీశాకే. ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా లేవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. షట్టరు ఎత్తినా లోపల పేరుకోగలదు, తలుపు సందుల్లోంచి ఇంట్లోకీ వస్తుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలైతే ముందు అందరూ ఆరుబయటికి వచ్చేయండి, అక్కడి నుంచే అంబులెన్సుకు ఫోన్ చేయండి.

ప్రశ్న: చెక్కకు అవిసె నూనె పూసిన గుడ్డలు ఎక్కడ వేయాలి?

జవాబు: ముద్దచేసి మాత్రం పడేయకండి. ఆరేటప్పుడు ఆ నూనెలో వేడి పుడుతుంది, కుప్పలో అది బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట ఒక్కొక్కటీ విడిగా పరిచి, గట్టిపడేదాకా ఆరనివ్వండి. లేదంటే రేకు డబ్బాలో నీళ్లలో ముంచి మూత బిగించండి.