బియ్యం నిండుకున్నాయి అనేముందు

గుంటూరు

చి. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలాఖరుకి బియ్యం డబ్బా అడుగు కనబడితే గుండె జారిపోతోందనీ, దీపం పెట్టినా మనసు నిలవడం లేదనీ రాశావు. డబ్బా దగ్గరే మొదలుపెడదాం.

మన ఇళ్లలో బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. ఆ మాట అనడానికి అడుగు గీకేదాకా ఆగకు. మీ ముగ్గురికీ రోజుకి 600 గ్రాములు పడితే 25 కిలోల బస్తా 40 రోజుల పైనే వస్తుంది. ఖాళీ డబ్బాలో రెండున్నర కిలోలు పోసి చూడు. అవి ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ డబ్బా బయట కుంకుమ బొట్టు పెట్టు. బియ్యం ఆ బొట్టుకి దిగితే నాలుగు రోజులవి ఉన్నట్టు. నిండుకున్నాయని అప్పుడే చెప్పు, మీ ఆయనకి డబ్బు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

డబ్బా ఉత్తిది చెయ్యకూడదంటారు, నిజమే. కానీ పాతవాటి మీదే కొత్తవి పోస్తే అడుగున ఉన్నవి అక్కడే ముక్కిపోయి పురుగు పడుతుంది, పైవాటికీ పాకుతుంది. పాతవి పళ్లెంలోకి తీసి, కొత్తవి పోసి, పాతవి పైన వెయ్యి. డబ్బాకి తడి తగలనివ్వకు. పురుగు కనబడితే ఎండలో పొయ్యకు, గింజ విరిగి నూకవుతుంది. నీడన గాలికి ఆరబోసి చెరుగు.

ఇక దానానికి తీసి పెట్టే పిడికెడు బియ్యం సంగతి. రోజూ ఒక పిడికెడు వేరే డబ్బాలో వెయ్యి. అయితే బియ్యం డబ్బాలోంచి కాదు, ఎసట్లోకి కొలిచిన వాటిలోంచి తియ్యి. అప్పుడే అది మన కంచంలోంచి తీసి పెట్టినట్టు. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే ఏ నెలా మిగలవు. పిడికెడు 40 గ్రాములనుకున్నా నెలకి దాదాపు కిలోంబావు. నెల తిరగ్గానే ఇచ్చెయ్యి, పురుగు పట్టాక ఇస్తే తీసుకునేవాళ్లని చిన్నబుచ్చినట్టే.

ఆషాఢంలో ఇంద్రకీలాద్రి మీద శాకంబరీ ఉత్సవాలు చూస్తావుగా, అమ్మవారికి కూరగాయలతో అలంకారం, జనానికి కదంబం. పటమట రైతు బజారుకి వెళ్లే ముందురోజు నువ్వూ అలాగే మిగిలిన కూరలన్నీ కదంబం చెయ్యి. గ్లాసు బియ్యం, అరగ్లాసు కందిపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు. ముందు పప్పు సగం ఉడకాలి, తర్వాత బియ్యం, ములక్కాడ, వంకాయ. గుమ్మడి, సొరకాయ ఆఖర్న వెయ్యి, లేకపోతే కరిగిపోతాయి. నిమ్మకాయంత చింతపండు పులుసు పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే పొయ్యి. ముందే పోస్తే పులుపుకి పప్పు బిరుసెక్కి ఎంతసేపున్నా ఉడకదు. దించాక నెయ్యి వేసి, ముందు అమ్మవారికి చూపించి వడ్డించు.

వచ్చే ఆదివారం మీ పెదనాన్న బెజవాడ వస్తున్నారు. వేపాకు నీడన ఎండబెట్టి పంపిస్తాను, బియ్యంలో వేద్దువుగాని. ఈలోపు డబ్బా కడిగి, ఒక రోజంతా ఎండలో బోర్లించి ఉంచు.

మీ పెద్దమ్మ