తాతగారి సైనిక రికార్డులో పర్పుల్ హార్ట్ లేదు, ఇప్పుడు చేర్పించవచ్చా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: మీ వారి తాతగారు, అంటే మీ అత్తగారి నాన్నగారు, అమెరికా సైన్యంలో చేరి కొరియా యుద్ధానికి వెళ్లారు. 1951లో మోర్టారు గుండు పేలి ముక్కలు తొడలో దిగాయని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆయన ఇప్పుడు లేరు. డిశ్చార్జి కాగితమైన డీడీ-214లో పర్పుల్ హార్ట్ (యుద్ధంలో శత్రువు వల్ల గాయపడిన సైనికుడికి అమెరికా ఇచ్చే పతకం) ప్రస్తావన లేదు. సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రానికి రాస్తే ఆయన ఫైలు 1973 అగ్నిప్రమాదంలో పోయిందని బదులిచ్చారు. తండ్రికి రావలసినది రావాలని మీ అత్తగారి కోరిక. మనిషీ పోయి, ఫైలూ పోయాక దారి ఉందా అని మీ ప్రశ్న.

ఉందండి. మా మామగారి విషయంలో మా కుటుంబం ఈ దారిన వెళ్లి ఆ పతకం సాధించింది. ఆయనది వియత్నాం యుద్ధం కాబట్టి ఫైలు కాలలేదు. మీ పని మాకంటే కష్టం, కానీ అసాధ్యం కాదు.

ముందు ఈ పతకం స్వభావం తెలుసుకోండి. శౌర్య పతకాలకు పై అధికారి సిఫారసు కావాలి. పర్పుల్ హార్ట్‌కు అది అక్కర్లేదు, అర్హత ఉంటే అది సైనికుడి హక్కు. అందుకే ఎన్నేళ్లయినా అడగవచ్చు. కావలసినవి మూడు: గాయం శత్రువు చర్య వల్ల తగిలి ఉండాలి, వైద్యుడు చికిత్స చేయవలసినంతటిదై ఉండాలి, ఆ చికిత్స అధికారిక రికార్డులోకి ఎక్కి ఉండాలి. ఆయన ఎంత ధైర్యవంతుడు, ఎంత మంచి తండ్రి అన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఇది వినడానికి కటువుగా ఉన్నా చాలా ముఖ్యం. మా మరిది తన తండ్రి గురించి కన్నీళ్లు పెట్టించే ఉత్తరం రాశాడు. దాన్ని ఇంట్లో భద్రంగా దాచుకున్నాం. పంపింది మాత్రం ఒక్క పేజీ: ఏ తేదీన, ఎక్కడ, దేని వల్ల, శరీరంలో ఏ భాగంలో, ఏ ఆసుపత్రిలో, దానికి జతచేసిన ఏ కాగితంలో ఆధారం ఉందో.

కొన్ని గాయాలకు ఈ పతకం రాదు. జీపు తిరగబడితేనో, సొంత ఆయుధం పొరపాటున పేలితేనో రాదు. కొరియాలో చలికి వేళ్లు గడ్డకట్టి దెబ్బతిన్నవాళ్లు వేలల్లో ఉన్నారు, మామూలుగా దానికీ రాదు. సైన్యం నిబంధనలో దీనికి ఒక మినహాయింపు ఉంది: 1941 డిసెంబరు 7 నుంచి 1951 ఆగస్టు 22 లోపల తీవ్రమైన చలిగాయంతో ఆసుపత్రిలో చేరిన వారి విషయాన్ని అనర్హతల జాబితాలోంచి తప్పించారు. మీ తాతగారిది మోర్టారు గాయం కనుక ఈ చిక్కు లేదు. అయినా 1950-51 చలికాలంలో కూడా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే ఆ తేదీలు కూడా రాసి పెట్టుకోండి.

ఇక కాలిపోయిన ఫైలు సంగతి. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ భవనంలోని ఆరో అంతస్తులో మంటలు లేచి 1 కోటీ 60 లక్షల నుంచి 1 కోటీ 80 లక్షల దాకా ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 లోపల సైన్యం నుంచి విడుదలైన వారి ఫైళ్లలో 80 శాతం పోయాయి. వాటికి నకళ్లు లేవు. అయితే పోయినది సిబ్బంది ఫైలు మాత్రమే. మనిషి గాయపడినప్పుడు ఆ వార్త ఒక్క చోటే నమోదు కాదు. కంపెనీ (సైనికుడు ఉన్న చిన్న దళం) రాసుకుంటుంది, ఆసుపత్రి రాసుకుంటుంది, రాజధానిలో క్షతగాత్రుల జాబితాలోకి ఎక్కుతుంది, ఇంటికి టెలిగ్రాం వస్తుంది. మీరు వెతకవలసినవి అవి.

అన్నిటికంటే ముందు ఆయన సర్వీసు నంబరు సంపాదించండి. డీడీ-214 మీద ఉంటుంది. ఆ రోజుల్లో నిర్బంధ సైనిక సేవ కింద వచ్చిన వారి నంబరుకు ముందు ‘యూఎస్’ అని, స్వచ్ఛందంగా చేరిన వారికి ‘ఆర్‌ఏ’ అని ఉండేది. ఈ నంబరు ఎందుకంటే, సర్జన్ జనరల్ (సైన్యపు వైద్య విభాగాధిపతి) కార్యాలయం గణాంకాల కోసం తయారుచేయించిన ఆసుపత్రి చేరికల రికార్డులు 1942-45కూ 1950-54కూ ఉన్నాయి. ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న ఆ రికార్డుల కంప్యూటర్ టేపులు 1988లో సెయింట్ లూయిస్ చేరాయి. సుమారు కోటి చేరికల వివరాలు వాటిలో ఉన్నాయి, కానీ పేర్లు లేవు. సర్వీసు నంబరుతోనే వెతకాలి. గాయం యుద్ధంలో తగిలిందా, ఏ రకమైనది, ఏ నెలలో చేరారు అన్నవి సంకేత సంఖ్యల రూపంలో ఉంటాయి. మీలాంటి వారికి దీనికి మించిన ఆధారం అరుదు. ‘ఫైలు కాలింది’ అన్న జవాబుతో ఆగిపోకుండా, సర్జన్ జనరల్ రికార్డులు కూడా చూడమని విడిగా, స్పష్టంగా రాసి అడగండి. ఇందుకు ఎన్‌ఏ-13055 అనే ఫారం ఉంది. కాలిన వైద్య రికార్డును పునర్నిర్మించడానికి కావలసిన వివరాలు దానిలో నింపాలి: యూనిట్, గాయపడిన నెల, ఆసుపత్రి.

రెండోది మార్నింగ్ రిపోర్టులు. ఆ రోజుల్లో ప్రతి కంపెనీ ప్రతి ఉదయం ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరిని ఆసుపత్రికి పంపారు అని రాసి పంపే కాగితం అది. వీటిని వెతకాలంటే కంపెనీ అక్షరం, రెజిమెంటు, తేదీ సుమారుగానైనా తెలియాలి. ఏడాది మొత్తం వెతకమంటే ఎవరూ వెతకరు. నెల వరకు కుదించి అడగండి.

మూడోది మీరు ఈ రాత్రే చూడగలిగినది. అమెరికా జాతీయ అభిలేఖాగారం వెబ్‌సైట్‌లో కొరియా యుద్ధంలో మరణించిన, గాయపడిన సైనికుల జాబితా ఉంది. పేరు, సర్వీసు నంబరు కొట్టి వెతకవచ్చు, రుసుము లేదు. ఆయన పేరు అందులో గాయపడినవారిలో కనిపిస్తే ఆ పేజీని ముద్రించి దాచండి. మీ కేసు సగం గెలిచినట్టే.

ఇంట్లో కూడా వెతకండి. 1950ల నాటి డీడీ-214లో ‘శత్రు దళాలతో పోరులో తగిలిన గాయాలు’ అని ఒక గడి ఉంటుంది. పతకాల గడి వైపే అందరి చూపూ పోతుంది, దీన్ని వదిలేస్తారు. ఇక్కడ తేదీ, స్థలం రాసి ఉన్నా ఉండవచ్చు. ఆయన తల్లిదండ్రులకు వచ్చిన టెలిగ్రాం, ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరాల కవర్లు, ఊరి పత్రికలో పడిన వార్త ముక్క, ఏదీ పారేయవద్దు. ఆయన వెటరన్స్ (మాజీ సైనికుల) విభాగం నుంచి వైకల్య పరిహారం పొంది ఉంటే ఆ క్లెయిము ఫైలు తప్పక తెప్పించండి. పరిహారం ఇచ్చారన్న మాట ఒక్కటే పతకానికి చాలదు, ఎందుకంటే ప్రమాదంలో తగిలిన దెబ్బకూ పరిహారం వస్తుంది. కానీ 1950లలో క్లెయిము పెట్టి ఉంటే సైన్యపు వైద్య కాగితాల నకళ్లు ఆ ఫైలులోకి వెళ్లి ఉండవచ్చు. సెయింట్ లూయిస్‌లో కాలినవి ఇక్కడ బతికి ఉండే అవకాశం అదే.

మా మామగారి సంగతి చెబుతాను, కాగితాలు ఎలా విడిపోతాయో తెలుస్తుంది. ఆయన 25వ పదాతి డివిజన్‌లో ఉండగా 1968లో రాకెట్ ముక్కలు భుజంలో దిగాయి. హెలికాప్టరులో కూచీలోని 12వ ఇవాక్యుయేషన్ ఆసుపత్రికి, అక్కడి నుంచి జపాన్‌కు తరలించారు. మళ్లీ తన కంపెనీకి వెళ్లనే లేదు. మనిషి ఒక చోట, కంపెనీ ఒక చోట, కాగితాలు ఇంకో చోట. పతకం ఉత్తర్వు రాయవలసినది ఆసుపత్రా, యూనిటా అన్న సందులో అది జారిపోయింది. కొడుకులు ఆయన్ని యుద్ధం గురించి ఎప్పుడూ అడగలేదు, అడిగితే ఆయన లేచి వెళ్లిపోయేవారు. నేను కోడలిని, పైగా సైన్యంలో ఎవరూ లేని ఇంట్లో, గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని. బహుశా అందుకే నాకు చెప్పారు. ఆసుపత్రి పేరు, నెల, పక్క మంచంలోని కుర్రవాడి ఊరు, అన్నీ చెప్పారు. నేను రాసి పెట్టుకున్నాను. ఆయన పోయాక మాకు పనికొచ్చినవి ఆ వివరాలే. మీ అత్తగారికి, ఆమె తోబుట్టువులకు ఇలాంటివి ఏం గుర్తున్నాయో ఇప్పుడే కూర్చుని రాసుకోండి.

ఎస్‌ఎఫ్-180 అనే, సైనిక రికార్డులు కోరే ఫారం పెట్టి ఆయన మొత్తం ఫైలు తెప్పించాం. వియత్నాం కాలపు సైనికులకు డీఏ ఫారం 20 అనే అర్హతల రికార్డు ఉండేది. దానిలో 40వ గడి గాయాలది, 41వది పతకాలది. ఆయన ఫారంలో 40వ గడిలో భుజం గాయం, తేదీ ఉన్నాయి. 41లో పర్పుల్ హార్ట్ లేదు. పైగా వియత్నాం క్షతగాత్రుల జాబితాలో అదే తేదీన ఆయన పేరుంది. ఇంత ఉన్నా మొదటి జవాబు ‘ఉత్తర్వు దొరకలేదు కనుక చేర్చలేం’ అని వచ్చింది. మా అత్తగారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. కానీ ఆ తిరస్కరణ అవసరమే. సైనిక రికార్డుల సవరణ బోర్డు దగ్గరకు వెళ్లేముందు మామూలు దారులన్నీ ప్రయత్నించి ఉండాలి. ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా దాచండి, దరఖాస్తుకు జతచేయాలి.

ఆ బోర్డు 1946 నాటి చట్టం కింద ఏర్పడింది. సభ్యులు పౌరులు, సైనికులు కారు. దరఖాస్తు డీడీ-149 ఫారం మీద పెట్టాలి, రుసుము లేదు. సైనికుడు మరణిస్తే దగ్గరి వారసులు పెట్టాలి. పతకాల విషయంలో సైన్యం భార్యను, తర్వాత పెద్ద సంతానాన్ని ముందు చూస్తుంది. కాబట్టి మీ వారి అమ్మమ్మగారు, అంటే ఆయన భార్య, ఉన్నారా అన్నది చూడండి. లేకపోతే మీ అత్తగారు, ఆమె తోబుట్టువులలో పెద్దవారు సంతకం చేయడం మంచిది. కాగితాలు సిద్ధం చేసేది మీరైనా సంతకం వారిది. మరణ ధ్రువపత్రం, బంధుత్వం చూపే పత్రం జతచేయండి.

ఫారంలో తప్పు ఎప్పుడు తెలిసింది అని అడుగుతారు. తెలిసిన నాటి నుంచి మూడేళ్లలో దరఖాస్తు చేయాలని నియమం. దీన్ని చూసి బెదిరిపోయి ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును పక్కన పెట్టగలదు. ఆలస్యానికి కారణం నిజాయితీగా రెండు వాక్యాల్లో రాయండి: ఆయన అడగలేదు, పోయాక కాగితాలు చూస్తే తెలిసింది.

బోర్డు తనంతట తాను పరిశోధన చేయదు. ఉన్న రికార్డు సరైనదేనన్న భావనతో మొదలవుతుంది, కాదని చూపవలసినది మనం. నూటికి నూరు పాళ్ల రుజువు అడగదు, ఆధారాల మొగ్గు మనవైపు ఉంటే చాలు. గాయపడడం కళ్లారా చూసిన తోటి సైనికుడి ప్రమాణ వాంగ్మూలానికి విలువ ఎక్కువ. ‘నాన్న మాకు చెప్పేవారు’ అన్నదానికి తక్కువ. డివిజన్ల పేరిట మాజీ సైనికుల సంఘాలు ఉన్నాయి, వారికి రాయండి. కొరియాకు వెళ్లిన వారికి ఇప్పుడు తొంభై దాటాయి, ఇది వాయిదా వేసే పని కాదు. బోర్డు తన పాత నిర్ణయాలను పేర్లు తొలగించి ఆన్‌లైన్‌లో ఉంచుతుంది. ఫైలు కాలిన కొరియా కేసులు కొన్ని చదవండి. దేనికి ఒప్పుకున్నారో, దేనికి కాదన్నారో తెలిస్తే మీ పేజీ ఎలా రాయాలో అదే తెలుస్తుంది. మీ కౌంటీలోని వెటరన్స్ సర్వీస్ అధికారి ఉచితంగా సాయం చేస్తారు. డబ్బు అడిగే మధ్యవర్తుల జోలికి పోవద్దు.

తర్వాత వేచి ఉండడమే. 90 శాతం దరఖాస్తులను పది నెలల్లో, ఏదైనా సరే 18 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. అనుకూలంగా వస్తే పాత డీడీ-214ను చెరిపి రాయరు, డీడీ-215 అనే సవరణ పత్రం ఇస్తారు. రెండూ కలిపి దాచాలి. అదే దరఖాస్తులో ఆయనకు రావలసిన మిగతా పతకాలు కూడా అడగండి: కొరియన్ సర్వీస్ మెడల్, ఐక్యరాజ్య సమితి మెడల్, పదాతి దళంలో పోరాడి ఉంటే కంబాట్ ఇన్‌ఫాంట్రీమన్ బ్యాడ్జి. దక్షిణ కొరియా ప్రభుత్వం 1951లోనే ఇవ్వజూపిన యుద్ధ సేవా పతకాన్ని స్వీకరించడానికి అమెరికా 1999లో అనుమతించింది. అప్పటికి విడుదలై దశాబ్దాలు దాటిన వారి డీడీ-214లో అది ఉండే అవకాశమే లేదు. రెండు వేర్వేరు రోజుల్లో గాయపడి ఉంటే రెండో పతకానికి బదులు ఓక్ ఆకు గుర్తు ఇస్తారు. ఒకే పేలుడులో నాలుగు ముక్కలు దిగినా పతకం ఒక్కటే.

ఆయన సమాధి మీద వెటరన్స్ విభాగం ఇచ్చిన రాయి ఉంటే, దానిపై పర్పుల్ హార్ట్ చెక్కించే వీలుంది. డీడీ-215 చేతికి వచ్చాక ఆ దరఖాస్తు విడిగా పెట్టండి. మేము పెట్టాం, కొత్త రాయి వచ్చింది.

ముందు డీడీ-214లో ఆ గాయాల గడి చూడండి, తర్వాత అభిలేఖాగారం జాబితాలో పేరు వెతకండి. ఈ రెండింటిలో ఏం కనిపించిందో, ఆయన కంపెనీ, రెజిమెంటు ఏవో నాకు రాస్తే ఎన్‌ఏ-13055 నింపడంలో సాయం చేస్తాను.