‘ఇట్ ఈజ్ ఐ హూ’ తర్వాత యామా, ఈజా?

ప్రశ్న: నేను డీఎస్సీకి చదువుకుంటూ, సాయంత్రం పూట పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. ఒక మోడల్ పేపరులో ‘ఇట్ ఈజ్ ఐ హూ … రెస్పాన్సిబుల్’ అన్న ఖాళీలో ‘యామ్’ రావాలని కీలో ఇచ్చారు. వాక్యం ‘ఇట్’తో మొదలైంది కాబట్టి ‘ఈజ్’ రావాలని పిల్లలు వాదిస్తున్నారు. ‘ఇట్ ఈజ్ ద ఫార్మర్స్ హూ ఆర్ వెయిటింగ్’ అన్నచోట రైతులు చాలామంది కదా, ‘ఇట్ ఆర్’ అని ఎందుకు అనకూడదని కూడా అడుగుతున్నారు. కారణం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కీలో ఇచ్చిన జవాబు సరైనదే. అయితే కారణం చెప్పకుండా జవాబు మాత్రమే అచ్చువేసే గైడ్ల వల్ల పిల్లలకు మేలు జరగదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

‘ఐ యామ్ రెస్పాన్సిబుల్’ అనే మామూలు వాక్యంలో ‘ఐ’ మీద ఒత్తు పెట్టడానికి దాన్ని రెండు ముక్కలు చేస్తే వచ్చేదే ఈ వాక్యం. దీన్ని క్లెఫ్ట్ సెంటెన్స్ అంటారు. 1937లో డెన్మార్క్ వ్యాకరణవేత్త ఆటో యెస్పర్సన్ పెట్టిన పేరది. వాక్యం రెండైంది గనుక క్రియలూ రెండయ్యాయి, ఆ రెండింటికీ కర్తలు వేరు. మొదటి క్రియకు కర్త ‘ఇట్’ కాబట్టి దాని పక్కన ఎప్పుడూ ఈజ్ గానీ వాజ్ గానీ ఉంటుంది; తర్వాత వచ్చేది ఒక్క రైతైనా ఊరంతా అయినా అది మారదు. రెండో క్రియకు కర్త ‘హూ’. దానికి సొంతంగా వచనమూ లేదు, పురుషా లేదు. తన ముందున్న మాట నుంచి ఆ రెండింటినీ తెచ్చుకుంటుంది. అందుకే ‘ఐ హూ యామ్’, ‘యూ హూ ఆర్’, ‘ద ఫార్మర్స్ హూ ఆర్’ అని వస్తాయి. ‘యూ’ అన్నది ఒక్క మనిషినే అయినా ‘ఆర్’ అనే రాయాలి.

పిల్లలు పొరబడటానికి ‘ఇట్’ ఒక్కటే కారణం కాదు, మన తెలుగు కూడా కారణమే. ‘నిన్న వచ్చింది నేను’, ‘నిన్న వచ్చింది పిల్లలు’ అన్నప్పుడు ఎవరు వచ్చినా ‘వచ్చింది’ అన్న రూపం మారదు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులోనూ రెండో క్రియను కదలనివ్వరు. అయితే అదే తెలుగులో ‘తప్పు చేసినవాణ్ణి నేనే’, ‘చేసినవాడివి నువ్వే’, ‘చేసినవాళ్లం మేమే’ అని కూడా అంటాం. ఇక్కడ పురుషను బట్టి, వచనాన్ని బట్టి రూపం మారుతోంది. ‘ఐ హూ యామ్’ ఈ రెండో పద్ధతికి దగ్గర. ఈ వాక్యాలను బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి, సూత్రం బట్టీ పట్టించే అవసరం రాదు.

‘ఇట్ ఆర్’ అనాలన్న మీ పిల్లల ఆలోచనను తేలిగ్గా తీసిపారేయవద్దు. 14వ శతాబ్దంలో, చాసర్ కాలపు ఇంగ్లీషులో, ‘ఇట్ యామ్ ఐ’ అన్న వాడుక ఉండేది. మొదటి క్రియ కూడా తర్వాత వచ్చే మాటను బట్టే మారేది. నేటి ఇంగ్లీషులో ఆ వాడుక పోయింది, ‘ఇట్ ఈజ్’ స్థిరపడింది.

ఇక మాటల్లో చాలామంది ‘ఇట్స్ మి హూ ఈజ్ రెస్పాన్సిబుల్’ అంటారు. ‘మి’ వచ్చిందంటే క్రియ ‘ఈజ్’ అవుతుంది. ‘మి హూ యామ్’ అనరు. సంభాషణలో ఇది సహజమైన వాడుకే, తప్పని పిల్లలను మందలించవద్దు. పరీక్షలో మాత్రం ఖాళీ ముందు ‘ఐ’ ఉంటే ‘యామ్’ రాయమనండి.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఒత్తు పడిన మాట రెండో క్రియకు ఎప్పుడూ కర్త కానక్కరలేదు. ‘ఇట్ ఈజ్ ద తుంగభద్ర దట్ ఫీడ్స్ ద కె.సి. కెనాల్’ అన్నప్పుడు కాలువకు నీళ్లిచ్చేది తుంగభద్ర కాబట్టి క్రియ దాన్ని బట్టి వచ్చింది. ‘ఇట్ ఈజ్ ద ఫార్మర్స్ దట్ ద కె.సి. కెనాల్ హెల్ప్స్’ అన్నప్పుడు సాయం చేసేది కాలువ, పొందేది రైతులు. రైతులు బహువచనమని ‘హెల్ప్’ అని రాస్తే తప్పు. ఆ పని చేసేది ఎవరని అడిగితే కర్త దొరుకుతుంది.

ప్రశ్న: ‘వాట్ అవర్ స్కూల్ నీడ్స్ … టూ మోర్ టీచర్స్’ అన్నచోట ఈజ్ రాయాలా, ఆర్ రాయాలా?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ ఒప్పే. ‘వాట్’తో మొదలైన భాగాన్ని ఒకే విషయంగా తీసుకుంటే ఈజ్ వస్తుంది, వెనకాల ఉన్న ఇద్దరు టీచర్ల మీద దృష్టి పెడితే ఆర్ వస్తుంది. ఆ భాగం లోపలి క్రియే బహువచనంలో ఉంటే మాత్రం ఎంచుకునే వీలు లేదు: ‘వాట్ వర్ వన్స్ ట్యాంక్స్ ఆర్ నౌ హౌస్ సైట్స్’, అంటే ఒకప్పటి చెరువులు ఇప్పుడు ఇళ్ల స్థలాలయ్యాయని. ఇక్కడ ‘వర్’ ఉంది కాబట్టి ‘ఆర్’ రావలసిందే. ఒకే వ్యాసంలో ఒకచోట ఈజ్, మరోచోట ఆర్ రాసే విద్యార్థికి మార్కులు తగ్గించకండి. ఏదో ఒక పద్ధతికి కట్టుబడి రాయమని మార్జిన్‌లో సూచిస్తే చాలు.