డాక్టర్ సలహా: పక్క మీద దొర్లితే నిద్ర రాదు

ప్రశ్న: నా వయసు 44. ఖమ్మంలో కిరాణా షాపు ఉంది. రాత్రి పదికి షట్టర్ దించి, ఇంటికొచ్చి పదిన్నరకు అన్నం తిని పడుకుంటాను. ఒంటిగంట దాటినా నిద్ర పట్టదు, ఫోన్ చూస్తూ ఉంటాను. నాలుగు నెలలుగా ఇదే వరస. ఆదివారం తొమ్మిది దాకా లేవను. రాత్రి ఎనిమిదికి టీ అలవాటు. మెడికల్ షాపులో అడిగి నెల రోజులు నిద్ర కోసం ఆల్ప్రజోలం అనే మాత్ర వేసుకున్నాను. వారం కిందట మానేస్తే అసలు కునుకే లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ మాత్ర సంగతి. అది డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. కొన్నాళ్లు వాడి ఒక్కసారిగా ఆపితే నిద్రలేమి మునుపటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. ఇప్పుడు మీకు జరుగుతున్నది బహుశా అదే. మాత్ర లేకపోతే ఇక నిద్రే రాదని భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. చేతులు వణకడం, విపరీతమైన కంగారు ఉంటే మాత్రం వెంటనే డాక్టర్‌ను కలవండి. ఫిట్స్ వస్తే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. రోజూ ఈ మాత్ర వాడుతున్న ఇతర పాఠకులు కూడా సొంతంగా ఆపేయొద్దు. డాక్టర్ పర్యవేక్షణలో డోసు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక అలవాట్లు. మీరు పడుకునే టైం గురించి టెన్షన్ పడుతున్నారు గానీ, సరిచేసుకోవాల్సింది లేచే టైం. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది ఎంత పేరుకుంటే నిద్ర అంత గట్టిగా ముంచుకొస్తుంది. ఇది ఆకలి లాంటిదే. సాయంత్రం చిరుతిండి తింటే రాత్రి అన్నం సహించనట్టు, ఆదివారం తొమ్మిది దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర దూరమవుతుంది. అందుకే రాత్రి ఎప్పుడు కన్ను మూసినా, ఆదివారమైనా పండగైనా, ఆరున్నర అనుకుంటే ఆరున్నరకే లేవండి. లేచాక కాసేపు ఆరుబయట వెలుతురులో నడవండి. మొదటి వారం పగలు మత్తుగా ఉంటుంది, బండి నడిపేటప్పుడు జాగ్రత్త. ఆ మత్తే రాత్రి మీకు పనికొస్తుంది.

టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ ఈ అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఎనిమిదింటి టీ ప్రభావం అర్ధరాత్రి దాకా ఉంటుందన్నమాట. ఆఖరి టీ మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోవాలి. భోజనం కూడా, వీలైతే ఎనిమిదింటికి షాపులోనే క్యారియర్ విప్పండి. తిన్న వెంటనే నడుం వాలిస్తే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు నిద్ర చెడగొడతాయి.

అన్నింటికంటే కష్టమైనది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. నిద్ర రాకపోయినా పక్క మీదే ఉండిపోవడం మానాలి. నెలల తరబడి అలా దొర్లితే, మంచం ఎక్కగానే మేలుకోవాలని మెదడు నేర్చుకుంటుంది. కళ్లు మూతలు పడుతుంటేనే పడుకోండి. ఇరవై నిమిషాలైందని అనిపిస్తే (గడియారం చూడొద్దు) లేచి హాల్లోకి వెళ్లి, తక్కువ వెలుతురులో కూర్చోండి. నిద్ర వచ్చాకే మళ్లీ పక్క ఎక్కండి. ఒకే రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చినా సరే. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. దాని వెలుతురు కంటే కూడా, ఆ వేళప్పుడు చూసే జమాఖర్చుల మెసేజ్‌లే ఎక్కువ చేటు చేస్తాయి. రేపు తేవాల్సిన సరుకు, రావాల్సిన బాకీలు షట్టర్ దించేముందే పుస్తకంలో రాసేయండి.

నేను చెప్పినవి నిద్రలేమికి చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో (మందులతో కాకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చి చేసే చికిత్స) భాగం. దీర్ఘకాల నిద్రలేమికి మొదట ఈ చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే డాక్టర్ల సంఘం 2016లో సూచించింది. ఫలితం కొన్ని వారాల్లో తెలుస్తుంది. అప్పటికీ మార్పు లేకపోతే సైకియాట్రిస్టును కలవండి. మనసంతా దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే అన్ని వారాలు ఆగొద్దు.

గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా అని ఇంట్లో వాళ్లను అడగండి. అవునంటే స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే పరీక్ష) చేయించుకోవాలి. పడుకున్నాక కాళ్లు లాగుతూ, కదిలిస్తేనే హాయిగా ఉంటే, ఐరన్ నిల్వలు తెలిపే ఫెరిటిన్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.